పద్నాలుగో మెట్టు

మనిషి బాగుపడడానికి పుస్తకాలు ఉన్నాయన్న సంగతి నాగలింగానికి యాభయ్యో ఏట తెలిసింది. అప్పటిదాకా ఆయన బాగుపడకుండానే ఉద్యోగాన్నీ సంసారాన్నీ నెట్టుకొచ్చాడు. ఉద్యోగం తిరువళ్ళూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో, ఇల్లు తిరుత్తణిలో, నడుమ ఎలక్ట్రిక్ రైలు. పొద్దున గంట, సాయంత్రం గంట చొప్పున ఆయన ఆయుర్దాయంలో మంచి భాగం అరక్కోణం మీదుగా పోయింది.

ఒక ఆదివారం బస్టాండు వెనక నడుస్తుంటే వాన పట్టుకుంది. తలదాచుకోడానికి దొరికిన వసారా లైబ్రరీది. వాన తగ్గే సూచన లేదు, వసారాలో ఒక మేక కూడా ఉంది. అందుకని లోపలికి పోయాడు. లోపల ఒక మూల తెలుగు బీరువా కనిపించింది. ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళకు కరువు లేదు. చదివేవాళ్ళు కావాలంటే మాత్రం కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళలో వెతకాలి. నాగలింగం పళ్ళిపట్టులో పదో తరగతి దాకా తెలుగులో చదివినవాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళుగా ఆఫీసులో తమిళం రాసి, ఇంట్లో తెలుగు మాట్లాడి, కోపం వస్తే రెండూ కలిపి వాడుతున్నాడు.

లైబ్రేరియన్ సెల్వకుమార్‌కు తెలుగు అక్షరం రాదు. ఆ సంగతి పుస్తకాలు కనిపెట్టకుండా ఆయన వాటిని ఎత్తు ప్రకారం సర్దాడు. పొడుగువి పైన, పొట్టివి కింద, మరీ లావైనవి అడ్డంగా. దానివల్ల భక్తుల చరిత్రల పక్కన చక్కెరజబ్బు వంటలూ, వాటిని ఆనుకుని ధైర్యంగా బతకడం నేర్పే పుస్తకాలూ నిలబడి ఉండేవి. ఆ బీరువాలో మనం పుస్తకాన్ని వెతకలేము. మన ఎత్తుకు తగినది అదే చేతికి రావాలి.

నాగలింగానికి ఆ రోజు వచ్చినది ఊపిరి పీల్చడం గురించి. యాభై ఏళ్ళుగా తాను చేస్తున్న పనిలో ఇన్ని తప్పులున్నాయని ఆయన ఊహించలేదు. రెండు నెలల్లో, కొండమీది గుడికి మూడువందల అరవై అయిదు మెట్లూ ఎక్కడా కూర్చోకుండా ఎక్కాడు. అక్కడినుంచి ఆయన వెనక్కి చూడలేదు. పదేళ్ళలో ఆ బీరువాలోని బాగుపడే పుస్తకాలన్నీ చదివి, వాటిని ఎంచుకోవడానికి ఒక శాస్త్రం తయారుచేసుకున్నాడు. అట్టమీద సూర్యోదయం ఉంటే తీసుకోకూడదు. రచయిత చేతులు కట్టుకుని నిలబడిన ఫోటో ఉంటే అసలే తీసుకోకూడదు. సరాసరి నలభయ్యో పేజీ తెరవాలి. ముందుమాటలో తెచ్చిపెట్టుకున్న ఊపు అక్కడికి వచ్చేసరికి అయిపోయి, రచయిత అసలు రంగు తెలుస్తుంది. ఆ పేజీలో విజయం అన్న మాట మూడుసార్లకు మించి ఉంటే, పుస్తకాన్ని మర్యాదగా మూసి, దాని ఎత్తు చూసి, దాని చోట్లో పెట్టాలి. అలా కాకుండా, రైల్లో నిలబడి కూడా చేయగలిగిన పని ఒక్కటైనా చెప్పిందంటే, అది తీసుకోదగ్గ పుస్తకం.

అబద్ధమెందుకు, వాటివల్ల ఆయన నిజంగానే బాగుపడ్డాడు. ఒక పుస్తకం చదివి ఆఫీసు కాగితాలు సర్దడం నేర్చుకున్నాడు. ఇంకొకటి చదివి ఎదుటివాడు కేకలేసేటప్పుడు మనసులో అంకెలు లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. నిద్ర గురించిన పుస్తకమైతే ఎంత బాగా పనిచేసిందంటే, మూడో అధ్యాయం దాటి చదవడం ఇప్పటికీ ఆయనవల్ల కాలేదు. భార్య వనజాక్షి కూడా ఈ మార్పులను కాదనలేదు.

"మీరు ఉన్నట్టుండి నన్ను పొగిడితే యా పుస్తకమో నాకు తెలిసిపోతాది. పేజీ గూడా చెప్తాను," అనేది.

బాగుపడనిది ఒక్కటే. బావతో మాటలు లేవు.

బావ అంటే శివరామయ్య, వనజాక్షికి అన్న. ఆర్.కె.పేటలో సేద్యం. ఆయన నోరు చుట్టుపక్కల ఊళ్ళకు తెలిసిన నోరు. ఆయన పెట్టిన పేర్ల దెబ్బకు చాలామంది అసలు పేర్లు రేషను కార్డుల్లోకి పోయి దాక్కున్నాయి. నాగలింగానికి 'అసిస్టెంటు బావ' అని పెట్టాడు. ప్రమోషను వచ్చినా మార్చలేదు. పాతికేళ్ళపాటు ఈయన ప్రతి ఆదివారం బస్సెక్కి పోయేవాడు, వాళ్ళిద్దరూ సాయంత్రం దాకా ఏదో ఒకటి పట్టుకుని పోట్లాడుకునేవాళ్ళు. ఆ పోట్లాట లేని వారం నాగలింగానికి సోమవారం తలనొప్పి వచ్చేది.

ఏడేళ్ళ కిందట శివరామయ్య కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. ఆ వైపు పిలుపంటే పద్ధతి ప్రకారం జరగాలి. పళ్ళెంలో తమలపాకులు, వక్క, పసుపు, కుంకుమ పెట్టుకుని, మొగుడూపెళ్ళాలు ఇంటికొచ్చి, పత్రికను రెండు చేతులా అందించాలి. దాన్నే పత్రిక పెట్టడం అంటారు. పెట్టకపోతే సొంత అన్న ఇంటికైనా పోరు. నాగలింగానికి ఆ పత్రిక గృహప్రవేశానికి రెండు రోజుల ముందు వాట్సాప్‌లో ఫోటోగా వచ్చింది. పాలవాడికీ, వార్డు మెంబరుకూ వచ్చినట్టే వచ్చింది. ఇంటి అల్లుడికి, ఫోటో. ఆయన అంకెలు లెక్కపెట్టాడు. వెయ్యి దాటినా కోపం దిగలేదు. వనజాక్షి ఒక్కతే పోయింది. ముఖ్యమైన మనిషి రాలేదని శివరామయ్య అలిగాడు. ముఖ్యమైన మనిషిని పిలవలేదని నాగలింగం అలిగాడు. ఆదివారాలు ఆగిపోయాయి.

రెండేళ్ళ కిందట, పొట్టి పుస్తకాల అరలో, నాగలింగం చేతికి ఒక పుస్తకం తగిలింది. 'మాట కలపడానికి ఇరవై మెట్లు'. అట్టమీద సూర్యుడు లేడు, రచయిత లేడు. నలభయ్యో పేజీలో విజయం ఒక్కసారి కూడా లేదు. "మాటలు పోయిన మనిషి పేరు కాగితం మీద రాయండి," అని ఉంది. ఆయన రైల్లో నిలబడే, సీజన్ టికెట్ వెనక, శివరామయ్య అని రాశాడు. అది రెండో మెట్టు.

ఇక్కడ ఆయన స్వభావం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు ప్రభుత్వంలో పనిచేసినవాడికి, ఫైలు ఒక బల్లను దాటేసి ఇంకో బల్లకు ఎగిరిపోవడం మహాపాపం. ఒకటో మెట్టు పూర్తయి, సంతకం పడితేనే రెండోది. ఆ మనిషిలో మంచి గుణాలు రాసుకోవడం నాలుగో మెట్టు. దానికి మూడు వారాలు పట్టింది. మంచి గుణాలు లేక కాదు, ఒక్కొక్కటీ రాస్తుంటే పాత ఆదివారాలు గుర్తొచ్చి రైలు దిగాల్సిన చోటు దాటిపోయేది. మన తప్పు ఒప్పుకోవడం ఏడో మెట్టు. అది ఆరు నెలలు పెండింగులో ఉంది. ఎదురుగా పోయి మాట్లాడడం పద్నాలుగో మెట్టు. ఆయన దాన్ని దూరంనుంచే చూసి దండం పెట్టుకున్నాడు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పుస్తకం పదిహేను రోజులకు తిరిగి ఇవ్వాలి. ఇచ్చి, మళ్ళీ తీసుకుందామంటే ఉండదు. ఎవరో పట్టుకుపోయి ఉంటారు. ఇంకో పదిహేను రోజులకు వస్తుంది. అలా ఆయన బాగుపడడం పక్షానికి పక్షం ఆగి ఆగి సాగింది.

ఒక ఆదివారం సెల్వకుమార్ ఆయన్ను బల్ల దగ్గరికి పిలిచి, పుస్తకం తెరిచి చూపించాడు. పేజీ పేజీకీ కొత్తగా పెన్సిలు గీతలు. లైబ్రరీ పుస్తకంలో గీయకూడదని అందరికీ చెప్పే పెద్దమనిషి తానే ఇట్లా చేస్తే ఎట్లా అని తమిళంలో చాలా వినయంగా అడిగాడు. తెలుగు చదివేది మీరు ఒక్కరే కదా సార్, అన్నాడు. నాగలింగానికి తల కొట్టేసినట్టయింది. వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ చూపించి, ఇందులో సగం తేదీలు తనవి కావన్నాడు. సెల్వకుమార్ రిజిస్టరు తిప్పి, వేలు పెట్టి, పేరు చదివాడు.

శివరామయ్య, ఆర్.కె.పేట. శనివారం శనివారం వస్తాడట, ఆ రోజు సెల్వకుమార్‌కు సెలవట. ఆర్.కె.పేటలో తెలుగు బీరువా లేదట.

నాగలింగం ఆ పేరును తానే ఇంకోసారి చదివాడు. బావతో మాట కలపడానికి తనకు కావలసిన పుస్తకం ఇన్నాళ్ళూ బావ దగ్గరే ఉంది. బావ కూడా మెట్లెక్కుతున్నాడు. ఇద్దరూ ఒకే కొండను చెరోవైపునుంచి ఎక్కుతూ, ఒకరికొకరు అడ్డం వస్తున్నారు.

గీతలు చెరిపేస్తానని చెప్పి పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాడు. చెరపలేదు, చదివాడు. "తప్పెవరిదైనా, ముందు మాట్లాడినవాడే పెద్దవాడు," అన్న వాక్యం కింద గీత, పక్కన బావ చేతిరాత. 'వయసులో పెద్ద నేనే. ఇంకెంత పెద్ద కావాల.' నాగలింగానికి నవ్వొచ్చింది. ఏడేళ్ళలో బావ మాటకు అది మొదటి నవ్వు. లైబ్రరీ నిబంధనల మీద గౌరవం అణుచుకుని, ఆయన దాని కింద రాశాడు. 'ఇంటి అల్లుడికి మర్యాద లేదా.' పుస్తకం తిరిగిచ్చాడు. పక్షం తర్వాత అది జవాబుతో వచ్చింది. 'మర్యాద తీసుకునేదానికి అల్లుడు ఇంట్లో ఉండాల.'

అర్థం కాలేదు. 'ఎప్పుడు లేను,' అని రాశాడు. ఇంకో పక్షం గడిచింది. ఈసారి జవాబు పద్నాలుగో మెట్టు మొదట్లో, ఖాళీ జాగాలో, నాలుగు వరుసలు.

'ఆడికృత్తిక నాడు పత్రిక ఎత్తుకోని మేమిద్దరం వచ్చినాము. కావిళ్ళ జనంలో పళ్ళెం తలమీద పెట్టుకోని వచ్చినాము. మీ ఇంటికి తాళం. రెండు గంటలు గడప ముందర కూర్చున్నాము. మళ్ళా వచ్చేదానికి దినాలు లేవు.'

ఆడికృత్తిక పండక్కి కొండకు కావిళ్ళు ఎత్తుకొచ్చే జనంతో ఊరంతా నిండిపోతుందని, తిరుత్తణి వాళ్ళు కొందరు ఇళ్ళకు తాళాలేసి బయటి ఊళ్ళకు పోతారు. ఆ ఏడు నాగలింగం కూడా పోయాడు. ఆయన పుస్తకం పట్టుకుని వంటింట్లోకి పోయి, ఇది నిజమేనా అని భార్యను అడిగాడు. వనజాక్షి పప్పు తిరగబోత ఆపకుండా చెప్పింది.

"నిజమే. గృహప్రవేశానికి పోయినప్పుడు వదిన చెప్పింది. పక్కింటోళ్ళు నీళ్ళిచ్చినారంట. ఇంటికొస్తానే మీకు చెప్పినాను."

"నాకు చెప్పినావా?"

"చెప్పినాను. మీరు ఊఁ అన్నారు. అప్పుడు చేతిలో ఒక పుస్తకం ఉండె. ఎదుటివాళ్ళ మాట చెవిపెట్టి వినేది ఎట్లా అని."

ఆ పుస్తకం ఆయనకు బాగా గుర్తు. చాలా మెచ్చుకున్నాడు కూడా.

వచ్చే ఆదివారమే బస్సెక్కమంది వనజాక్షి. ఒట్టి చేతులతోనా అన్నాడు ఆయన. రెండు గంటలు గడపలో కూర్చున్న మనుషులకు ఏడేళ్ళ తర్వాత మొహం చూపించడమంటే, దానికొక పద్ధతి ఉండాలి. దైవం కలిసొచ్చినట్టు, నెలన్నరలో ఆయన రిటైర్ అవుతున్నాడు. ఆఫీసువాళ్ళు సన్మానం పెడుతున్నారు. పత్రిక వేస్తారు. మొట్టమొదటి పత్రిక బావకే, పళ్ళెంలో, రెండు చేతులా. తాళం పడిన చోటునుంచే మాట మళ్ళీ మొదలవుతుంది. ఇంత నిండైన ఆలోచన తన జీవితంలో ఇంకొకటి వచ్చినట్టు ఆయనకు గుర్తులేదు. పుస్తకంలో ఆ నాలుగు వరుసల కింద 'వస్తాను' అని ఒక్క మాట రాసి, లైబ్రరీలో ఇచ్చేశాడు.

"మా అన్న మీ పత్రికకు కాచుకోని ఉండాడా?" అంది వనజాక్షి. "మనిషి పోతే చాలదా?"

ఆయన చిరునవ్వు నవ్వాడు. పద్ధతి తెలిసినవాళ్ళు నవ్వే నవ్వు.

పత్రిక అనుకున్నంత సులభంగా రాలేదు. ముఖ్య అతిథిగా రావలసిన అధికారి రెండుసార్లు తేదీ మార్చాడు. ప్రెస్సువాడు నాగలింగం పేరుకు ముందు ఇంటిపేరు వదిలేశాడు. మళ్ళీ వేయించాల్సి వచ్చింది. ఒక ఆదివారం పోయింది, ఇంకొకటి పోయింది, అయిదు పోయాయి. ఆరో వారం గురువారం నాడు, తిరుత్తణిలో ప్రెస్సు బల్ల దగ్గర నిలబడి పత్రికల కట్ట విప్పుతుండగా, వనజాక్షి ఫోను చేసింది. అన్నకు పక్షవాతం వచ్చింది. తిరువళ్ళూరులో ఆసుపత్రిలో పెట్టారు. నిన్న పొద్దున్నే తెచ్చారట. నిన్నంతా నాగలింగం ఆఫీసులోనే ఉన్నాడు. ఆఫీసుకూ ఆ ఆసుపత్రికీ నడుమ రెండు వీధులు.

చూడనివ్వలేదు. అద్దం తలుపులోంచి పాదాలు కనిపించాయి. సన్మానం జరిగింది. శాలువా కప్పారు, గంధం పూశారు. క్రమశిక్షణకు ఆయన మారుపేరని ముఖ్య అతిథి కాగితం చూసి చదివాడు. శివరామయ్యను ఇంటికి తీసుకొచ్చారని తెలిసిన మొదటి ఆదివారం, నాగలింగం ఏమీ పట్టుకోకుండా ఆర్.కె.పేట బస్సెక్కాడు. పళ్ళెం లేకుండా కూడా మనిషింటికి పోవచ్చునని ఏ పుస్తకమూ చెప్పలేదు. చెప్పినా ఆయన నమ్మి ఉండడు.

ఏడేళ్ళనాటి కొత్త ఇల్లు అప్పుడే పాతబడింది. లోపల మంచం మీద శివరామయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడివైపు మొహం కిందికి జారి ఉంది. నాగలింగాన్ని చూశాడు. చూపు మాత్రం బావదే. నాగలింగం పక్కన స్టూలు మీద కూర్చుని, ఏడో మెట్టునుంచీ కూడబెట్టుకున్నదంతా ఒక్కసారిగా చెప్పేశాడు. తాళం సంగతి తనకు తెలియదన్నాడు. తెలియకపోవడం కూడా తన తప్పేనన్నాడు. చివరికి బావ ఎడమచేయి పట్టుకున్నాడు.

"మనసులో ఏం పెట్టుకోవద్దు బావా."

"సరే," అన్నాడు శివరామయ్య.

మాట గట్టిగా, స్పష్టంగా వచ్చింది. నాగలింగానికి కళ్ళు నిండాయి. పద్నాలుగో మెట్టు ఇంత తేలికా అనుకున్నాడు. అంతలో శివరామయ్య భార్య మందు గ్లాసుతో వచ్చి, మాత్ర వేసుకుంటావా అని అడిగింది. సరే అన్నాడు. ఫ్యాను ఆపేదా అంది. సరే అన్నాడు. ఆపింది. మరి ఉక్కపోస్తుందే, వేసేదా అంది. సరే అన్నాడు.

"ఆ ఒక్క మాటే మిగిలింది తమ్ముడూ," అందామె. "ఆకలా అంటే సరే. నొప్పా అంటే సరే. ఆ నోటికి ఈ గతి."

ఆమె మంచం కోడు పట్టుకుని నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు చెప్పింది.

"ఈ జబ్బు రాకముందర అయిదు ఆదివారాలు పొద్దున్నే చొక్కా తొడుక్కోని వసారాలో కూర్చున్నాడు. బస్సు వచ్చినప్పుడల్లా లేచి చూసేవాడు. ఎవురొస్తారయ్యా అంటే చెప్పడు. వస్తానన్నోడు వస్తాడులే అంటాడు. నువ్వేమన్నా చెప్పింటివా?"

"చెప్పినాను అక్కా."

"యా వారమని చెప్పింటివి?"

"వారం చెప్పలేదు."

ఆమె కాఫీ పెడతానని లోపలికి పోయింది.

నాగలింగం స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు. ఉండబట్టలేక, నామీద ఇంకా కోపంగా ఉందా బావా అని అడిగాడు. సరే, అన్నాడు శివరామయ్య. ఆ మాటను ఎటువైపు తిప్పి చూసినా ఒకటే. క్షమించాడనుకోవచ్చు, లేదనుకోవచ్చు, ఫ్యాను వేయమన్నాడని కూడా అనుకోవచ్చు. ఏడేళ్ళు ఆయన ఈ మనిషి నోటికి భయపడ్డాడు. ఇప్పుడు ఒక్క తిట్టు వస్తే చాలు, ఈ సాయంత్రానికి అది తీసుకుని తృప్తిగా ఇంటికి పోతాడు.

రాదని తెలిశాక, దాన్ని తానే మొదలుపెట్టాడు.

"నువ్వు బాగుంటే ఏమనేవాడివో చెప్పేదా బావా. ఏమయ్యా అసిస్టెంటు బావా, నడిచేదానికి కాళ్ళుండాయి, ఎక్కేదానికి బస్సుండాది, పత్రిక అచ్చయితే గానీ నీకు నా ఇల్లు గుర్తు రాలేదా అనేవాడివి. నీ పెండ్లాం చెప్పింది వినకుండా పుస్తకం చెప్పేది వింటివే, ఆ పుస్తకం వచ్చి నీకు సంగటి వండుతుందా అనేవాడివి. మేము గడప ముందర కూర్చున్నప్పుడు మీ పక్కింటోళ్ళు నీళ్ళిచ్చినారు, ఆ నీళ్ళపాటి మర్యాద నీ దగ్గర లేకపాయనే అనేవాడివి."

అక్కడ ఆగి, ఇప్పుడు నేను జవాబు చెప్పాలి అనుకుని, తన తరఫున మొదలుపెట్టాడు. ఫోటో పంపితే ఎవరికైనా కోపం రాదా అన్నాడు. ఇంటి అల్లుడిని కదా అన్నాడు. ఆ తర్వాత ఏమీ తోచలేదు. మళ్ళీ బావ తరఫుకు మారాడు. అటువైపు మాటలకు కొదవ లేదు. ఒకదాని వెనక ఒకటి, వరసగా, పదునుగా వచ్చాయి. బావ గొంతు, బావ విరుపు, అన్నీ వచ్చాయి. ఈ వాదన అంతా ఏడేళ్ళుగా తన లోపలే ఉందని, తాను దాన్ని ఒక్కరోజు కూడా పూర్తిగా వినలేదని ఆయనకు తెలుస్తూ వచ్చింది. శివరామయ్య రెప్ప వేయకుండా చూస్తున్నాడు. కుడికంట్లో నీళ్ళు కారుతున్నాయి. ఆ కన్ను జబ్బు చేసినప్పటినుంచి కారుతూనే ఉందట.

కాఫీ తెచ్చిన ఆమె గడప దగ్గరే నిలబడిపోయింది. లోపల ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు వినిపించిందట.

"పోట్లాడుకుంటా ఉండారా?" అంది.

"సరే," అన్నాడు శివరామయ్య.

నాగలింగం కాఫీ అందుకున్నాడు. తిరుత్తణికి పోయే ఆరున్నర బస్సు వీధి చివర హారను కొట్టి, కాసేపు ఆగి, పోయింది.